రోజుకు ఎన్ని గంటలు ఆడితే గేమింగ్ వ్యసనం అవుతుంది? డాక్టర్లు అడిగేది గంటలు కాదు.. మరేంటి? ఉచిత సాయం ఎక్కడ దొరుకుతుంది?

రాత్రి ఒంటిగంట దాటింది. పక్క గదిలో లైటు ఆర్పేసి ఉంది. కానీ తలుపు కింది సందులోంచి ఫోన్ వెలుతురు కనిపిస్తూనే ఉంది. ‘ఇంకా పడుకోలేదా?’ అంటే ‘ఒక్క మ్యాచ్ అమ్మా, అయిపోయింది’ అని జవాబు. పావుగంట తర్వాత అడిగినా అదే మాట. మూడోసారి అడిగితే చిరాకు. నాలుగోసారి తలుపుకు గడియ.

మీ ఇంట్లో ఇలా జరుగుతుంటే మీకు వచ్చే మొదటి సందేహం ‘రోజుకు ఎన్ని గంటల వరకు ఆడొచ్చు?’ అనే. ఒకవేళ ఆ గదిలో ఉన్నది మీరే అయితే, అంటే హాస్టల్లోనో, బ్యాచిలర్ రూమ్‌లోనో అర్ధరాత్రి దాకా ర్యాంకు కోసం ఆడుతున్నది మీరే అయితే, మీ సందేహం కూడా దాదాపు అదే. ‘నాలుగు గంటలు ఆడితే ఎక్కువా?’

దీనికి సూటిగా జవాబు చెప్పాలంటే, అలాంటి అంకె ఏదీ లేదు. వైద్యులు గంటలు చూసి తేల్చరు. ఆట వచ్చాక మీ జీవితంలోంచి ఏమేం వెళ్లిపోయాయో చూస్తారు.

గేమింగ్ డిజార్డర్ అని దేన్ని అంటారు?

జబ్బులకు పేర్లు, కోడ్‌లు పెట్టి వర్గీకరించే అంతర్జాతీయ జాబితా ఒకటుంది. దాన్ని ఐసీడీ అంటారు. దీని 11వ కూర్పును 2019 మేలో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించింది. 2022 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. వ్యసన ప్రవర్తనల కింద ‘గేమింగ్ డిజార్డర్’ను చేర్చింది ఇందులోనే. దాని పక్కనే జూద వ్యసనం కూడా ఉంది. రెండూ వేర్వేరు, కానీ ఒకే కుటుంబానికి చెందినవి.

ఈ జాబితా ప్రకారం చూడాల్సినవి మూడు. ఒకటి, ఆటపై అదుపు తప్పడం. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో తన చేతుల్లో లేకుండా పోవడం. రెండు, మిగతా పనులు, ఇష్టాలు, రోజువారీ అవసరాలన్నీ ఆట తర్వాతి స్థానానికి జారిపోవడం. మూడు, నష్టం కళ్ల ముందే కనిపిస్తున్నా ఆట కొనసాగించడం లేదా ఇంకా పెంచడం.

ఇవి ఉన్నంత మాత్రాన కూడా సరిపోదు. చదువు, ఉద్యోగం, కుటుంబం, స్నేహాలు గట్టిగా దెబ్బతిని ఉండాలి. సాధారణంగా ఈ పరిస్థితి కనీసం 12 నెలల పాటు కనిపించాలి. లక్షణాలు మరీ తీవ్రంగా ఉంటే అంతకంటే ముందే నిర్ధరించవచ్చు.

కాబట్టి వేసవి సెలవుల్లో నెల రోజులు పొద్దస్తమానం ఆడిన కుర్రాడికి జబ్బు ఉన్నట్టు కాదు. రోజూ రెండు గంటలే ఆడుతున్నా, ఆ రెండు గంటల కోసం పరీక్ష ఎగ్గొట్టి, ఇంట్లో అబద్ధాలు ఆడి, అప్పులు చేస్తున్న వ్యక్తి పరిస్థితి మాత్రం ఆలోచించాల్సిందే. ఆడేవాళ్లలో ఎక్కువ మందికి ఈ జబ్బు ఉండదు. ఈ మాట తల్లిదండ్రులకు ముందే చెప్పాలి. ఎందుకంటే ఆడే ప్రతి పిల్లాడినీ ‘అడిక్ట్’ అని పిలవడం మన ఇళ్లలో అలవాటైపోయింది. ఆ ముద్ర పడ్డ పిల్లలు తర్వాత నిజంగా ఇబ్బంది వచ్చినా నోరు విప్పరు.

‘జీవన నాణ్యత’ను ఎలా కొలుస్తారు?

జీవన నాణ్యత అనే మాట వినగానే ఏదో ప్రభుత్వ నివేదికలోని పదంలా అనిపిస్తుంది. కానీ దీన్ని కొలవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేసిన ప్రశ్నావళి ఒకటి ఉంది. దాని సంక్షిప్త రూపంలో 26 ప్రశ్నలు ఉంటాయి. గత రెండు వారాలను గుర్తు చేసుకుని జవాబులు చెప్పాలి. శరీరం, మనసు, మనుషులతో సంబంధాలు, పరిసరాలు అనే నాలుగు భాగాల కింద ఆ జవాబులను చూస్తారు. గేమింగ్ ఏం చేస్తుందో అర్థం చేసుకోవడానికి ఈ నాలుగు భాగాలు చాలా పనికొస్తాయి.

శరీరం సంగతి మొదట చూడండి. ఇందులో అడిగేవి నిద్ర, ఒంట్లో ఓపిక, రోజువారీ పనులు చేసుకోగలగడం లాంటివి. గేమింగ్ మొదట దెబ్బకొట్టేది నిద్రనే. టీనేజీలో శరీరంలోని గడియారం సహజంగానే కాస్త వెనక్కి జరుగుతుంది. అంటే నిద్ర ఆలస్యంగా వస్తుంది. దానికి కళ్ల ముందు వెలుతురు, గెలుస్తామా లేదా అన్న ఉద్వేగం తోడైతే ఒంటిగంట రెండవుతుంది. కానీ కాలేజీ బస్సు మాత్రం ఏడింటికే వస్తుంది. నాలుగైదు గంటల నిద్రతో క్లాసులో కూర్చున్నవాడికి పాఠం ఎక్కదు. సాయంత్రానికి చిరాకు. ఆ చిరాకు పోవడానికి మళ్లీ ఆట. మెడనొప్పి, కళ్లమంట, భోజనం ఫోన్ ముందే ముగించడం లాంటివి వీటి తర్వాత వచ్చి చేరతాయి.

రెండోది మనసు. దీని గురించి కింద విడిగా చెప్పుకుందాం.

మూడోది సంబంధాలు. ‘మావాడు ఎవరితోనూ మాట్లాడడు’ అని తల్లిదండ్రులు అంటారు. వాడేమో రాత్రంతా హెడ్‌సెట్‌లో నలుగురితో మాట్లాడుతూనే ఉంటాడు. ఇద్దరిదీ నిజమే. ఆ నలుగురూ వాడికి నిజమైన స్నేహితులే కావచ్చు కూడా. దాన్ని కొట్టిపారేస్తే మీరు వాడికి ఇంకా దూరమవుతారు. అయితే జ్వరం వస్తే పక్కన కూర్చునేది ఎవరు, ఫీజు కట్టలేకపోతే చెప్పుకునేది ఎవరికి అనేది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నావళిలో అవసరానికి అందే తోడు గురించి కూడా అడుగుతారు. పెళ్లిళ్లకు రాకపోవడం, అమ్మమ్మగారి ఊరు వెళ్లనని మొండికేయడం, కంచం గదిలోకి పట్టుకెళ్లిపోవడం.. ఈ తోడు ఒక్కొక్కటిగా తెగిపోతోందనడానికి ఇవే గుర్తులు.

నాలుగోది పరిసరాలు. డబ్బు, ఇంట్లో భద్రత, తీరిక సమయం ఇందులోకి వస్తాయి. స్కిన్‌ల కోసం, గేమ్ లోపలి కరెన్సీ కోసం వందో, రెండొందలో అంటూ మొదలయ్యే ఖర్చు ఇక్కడే కనిపిస్తుంది. తండ్రి యూపీఐ పిన్ కొడుక్కి తెలియని ఇల్లు ఈరోజుల్లో ఎక్కడుంది?

ఒక పని చేసి చూడండి. ఈ నాలుగు మాటలూ ఒక కాగితం మీద రాసి, ఏడాది కిందట ఎలా ఉండేది, గత రెండు వారాల్లో ఎలా ఉంది అని ఎదురెదురుగా రాయండి. ఇది పరీక్ష కాదు, దీంతో జబ్బు తేలదు. కానీ డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సి వస్తే ‘ఎప్పుడూ ఫోనే సార్’ అనే ఫిర్యాదు కంటే ఈ కాగితం వంద రెట్లు మేలు.

మనసుకు ఏమవుతుంది?

ముందుగా ఆట వైపు నుంచి చూద్దాం. ఈ గేమ్‌లు ఆపడానికి వీలుగా తయారు చేసినవి కావు. రోజూ లాగిన్ అయితే బహుమతి, ఒక్కరోజు తప్పితే మళ్లీ మొదటికి. సీజన్ ముగిస్తే ర్యాంకు కిందికి. పెట్టెలో ఏమొస్తుందో తెలియదు, ఒక్కోసారి అరుదైనది వస్తుంది. ఎప్పుడొస్తుందో తెలియని బహుమతి, రోజూ వచ్చే బహుమతి కంటే మనిషిని గట్టిగా పట్టుకుంటుందని మనస్తత్వ శాస్త్రం ఎప్పుడో చెప్పింది. పైగా స్క్వాడ్‌లో ఆడుతుంటే మధ్యలో లేవడం అంటే ముగ్గురు స్నేహితులను వదిలేసి పోవడమే. మీరు అన్నానికి పిలిచినప్పుడు వాడు లేవకపోవడానికి కారణం ఎప్పుడూ మొండితనమే కాదు.

ఇక మనసు వైపు నుంచి. దిగులు, ఆందోళన, ఒంటరితనం, ఏకాగ్రత లోపించే ఏడీహెచ్‌డీ లాంటివి గేమింగ్ సమస్యతో పాటే కనిపించడం మామూలే. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆట వల్ల దిగులు వచ్చిందా, దిగులు వల్ల ఆటలోకి వెళ్లాడా? రెండు వైపులా నిజం ఉంటుంది. నిద్ర పోయి, మార్కులు తగ్గి, ఇంట్లో తిట్లు పెరిగితే దిగులు వస్తుంది. ముందే దిగులుతో ఉన్నవాడికి, ఏ పనిలోనూ గెలవలేకపోతున్నవాడికి, గెలుపు దొరికే చోటు ఆట ఒక్కటే కావచ్చు.

మా బంధువుల ఇంట్లోనే జరిగిన సంగతి ఇది. ఇంజినీరింగ్ రెండో ఏడాది కుర్రాడు. ఇంటికొస్తే గది వదిలేవాడు కాదు. పెద్దమ్మకు ఓపిక నశించి ఫోన్ తీసుకెళ్లి బియ్యం డబ్బాలో దాచింది. నాలుగు రోజులు వాడు అన్నం సరిగా తినలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. చివరికి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన ఎన్ని గంటలు ఆడతావని అడగలేదట. ‘ఎప్పట్నుంచి ఇంతగా ఆడుతున్నావు?’ అని అడిగారట. తెలుగు మీడియం నుంచి వచ్చిన కుర్రాడు మొదటి సెమిస్టర్‌లో మూడు సబ్జెక్టులు తప్పాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. అప్పట్నుంచే. ఇంట్లో అందరం ఫోన్ గురించి మాట్లాడుతూనే ఉన్నాం, ఆ మూడు సబ్జెక్టుల గురించి అడిగినవాళ్లు లేరు. నేనూ అడగలేదు.

మరి ఫోన్ లాక్కోవడం తప్పా?

చిన్న పిల్లల విషయంలో పరిమితి పెట్టడం తప్పు కాదు, అవసరం కూడా. ఆండ్రాయిడ్‌లో ఫ్యామిలీ లింక్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ అందుకే ఉన్నాయి. అయితే వాటిని ముందే చెప్పి, మాట్లాడుకుని పెట్టాలి. గొడవ జరిగిన రాత్రి కసితో పెడితే అది శిక్షే అవుతుంది. మ్యాచ్ మధ్యలో కాకుండా మ్యాచ్ అయ్యాక ఆపమనడం, రాత్రి ఫోన్లన్నీ హాల్లో ఒకేచోట చార్జింగ్ పెట్టడం లాంటివి పనిచేస్తాయి. ‘ఫోన్లన్నీ’ అంటే మీది కూడా. నాన్న మంచం మీద రీల్స్ చూస్తూ కొడుకును పడుకోమంటే ఆ మాటకు విలువ ఉండదు.

నిషేధాల సంగతి కూడా చూశాం. 2020 సెప్టెంబర్‌లో కేంద్రం పబ్‌జీ మొబైల్‌ను నిషేధించింది. ఆడేవాళ్లు వేరే గేమ్‌లకు మళ్లారు. మరుసటి ఏడాది బీజీఎంఐ పేరుతో అలాంటి గేమే వచ్చింది. దక్షిణ కొరియాలో 16 ఏళ్ల లోపువాళ్లు అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు దాకా ఆన్‌లైన్ గేమ్‌లు ఆడకుండా 2011లో చట్టం తెచ్చారు. పదేళ్ల తర్వాత దాన్ని ఎత్తేశారు.

ఇప్పటికే గట్టిగా అలవాటు పడినవారి దగ్గర నుంచి ఒక్కసారిగా ఫోన్ లాక్కుంటే కోపం, ఏడుపు, నిద్ర పట్టకపోవడం, వస్తువులు విసరడం కనిపించవచ్చు. ‘చచ్చిపోతా’ అనే మాట కూడా రావచ్చు. ఆ మాటను ‘బెదిరిస్తున్నాడులే’ అని వదిలేయకండి. ఆ సమయంలో ఫోన్ ఎవరి చేతిలో ఉండాలనే గొడవ పక్కన పెట్టి, వాళ్లను ఒంటరిగా వదలకుండా వెంటనే కింద చెప్పిన నంబర్‌కు ఫోన్ చేయండి. ప్రాణాపాయం ఉందనిపిస్తే 112.

ఎవరికి ఫోన్ చేయాలి?

14416. ఇది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన ‘టెలి మానస్’ నంబర్. ఇది కలవకపోతే 1800-891-4416కు చేయవచ్చు. రోజంతా, రాత్రంతా పనిచేస్తుంది. పైసా ఖర్చు లేదు. తెలుగు సహా 20 భాషల్లో మాట్లాడతారు.

ఫోన్ చేయగానే భాష ఎంచుకోమంటుంది. ఆ తర్వాత శిక్షణ పొందిన కౌన్సిలర్ మాట్లాడతారు. సమస్య కౌన్సిలర్ స్థాయి దాటిందనుకుంటే సైకాలజిస్ట్‌కో, సైకియాట్రిస్ట్‌కో కలుపుతారు. నేరుగా చూపించుకోవాల్సి ఉంటే దగ్గర్లోని ప్రభుత్వ వైద్యానికి దారి చూపిస్తారు.

చాలామందికి తెలియని విషయం ఏంటంటే, ఇబ్బంది పడుతున్న వ్యక్తే ఫోన్ చేయాలని లేదు. అమ్మ చేయొచ్చు, అన్న చేయొచ్చు, రూమ్‌మేట్ చేయొచ్చు. ‘మావాడు రానంటున్నాడు, నేనేం చేయాలి?’ అని అడగడానికే ఫోన్ చేయండి. ఎక్కువ ఇళ్లలో మొదటి అడుగు అదే అవుతుంది.

ఏం చెప్పాలో తెలియక చాలామంది నంబర్ నొక్కి కట్ చేస్తారు. ఇలా మొదలుపెట్టండి. ‘నా కొడుక్కి 17 ఏళ్లు. ఆరు నెలలుగా రాత్రి రెండింటిదాకా గేమ్ ఆడుతున్నాడు. కాలేజీ మానేస్తున్నాడు. ఫోన్ అడిగితే కొట్టడానికి వస్తున్నాడు.’ ఇంత చాలు. మిగతాది వాళ్లే అడుగుతారు.

ఆసుపత్రికి వెళ్తే ఏం చేస్తారు?

హైదరాబాద్‌లో ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, విశాఖపట్నంలో చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల రెండు రాష్ట్రాల్లో పెద్దవి. అంతదూరం వెళ్లనక్కర్లేదు. ప్రభుత్వ వైద్య కళాశాలలకు అనుబంధంగా ఉన్న పెద్దాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. మామూలు ఓపీ చీటీ తీసుకుని వెళ్లడమే.

హైదరాబాద్‌లో పెరిగినవాళ్లకు ‘ఎర్రగడ్డ’ అనే పేరు వెక్కిరింపుగానే తెలుసు. ‘నిన్ను ఎర్రగడ్డ పంపించాలి’ అని ఎవరినో ఒకరిని మనం అనే ఉంటాం. ఆ జోక్ వల్లే ఎంతోమంది ఆ గేటు దాకా వెళ్లి వెనక్కి వస్తారు. మీ పిల్లలు మీతో వస్తే, దారిలో ఆ జోక్ వేయకండి.

డాక్టర్ మొదట వివరంగా మాట్లాడతారు. పిల్లలతో విడిగా, మీతో విడిగా. దిగులు, ఆందోళన, ఏడీహెచ్‌డీ ఉన్నాయేమో చూస్తారు. గేమింగ్ వ్యసనానికంటూ ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు ఏదీ లేదు. మందులు రాస్తే అవి తోడుగా ఉన్న దిగులుకో, ఏడీహెచ్‌డీకో అయి ఉంటాయి. దేనికి రాశారో అడిగి తెలుసుకోండి. ప్రధానమైన వైద్యం మాటలతోనే. ఆడాలనే కోరిక ఎప్పుడు, ఏ ఆలోచనతో వస్తుందో గుర్తించడం, దాని స్థానంలో ఇంకేదైనా పెట్టుకోవడం నేర్పిస్తారు. దీన్ని సీబీటీ అంటారు. కుటుంబాన్ని కూడా కూర్చోబెడతారు. ఒక్కసారి వెళ్తే అయ్యేది కాదు. వారానికోసారి చొప్పున కొన్ని నెలలు పట్టవచ్చు. ఆటను పూర్తిగా మాన్పించడమే లక్ష్యం కావాలని కూడా లేదు. అదుపు తిరిగి తెచ్చుకోవడం చాలామందికి సరిపోతుంది.

ఈ సమస్యకే ప్రత్యేకమైన క్లినిక్ కావాలంటే బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ‘షట్’ క్లినిక్ ఉంది. టెక్నాలజీని ఆరోగ్యకరంగా వాడుకోవడం నేర్పేందుకు 2014లో మొదలైంది. రాయలసీమ జిల్లాల వాళ్లకు హైదరాబాద్ కంటే ఇదే దగ్గర కావచ్చు.

‘డీఅడిక్షన్ సెంటర్’ ప్రకటనలను నమ్మొచ్చా?

ఫోన్‌లో ఈ విషయం గురించి రెండుసార్లు వెతికితే చాలు, ‘మీ పిల్లాడిని 30 రోజుల్లో మారుస్తాం’ అనే ప్రకటనలు వెంటపడతాయి. డబ్బు కట్టేముందు ఒకటి గుర్తుంచుకోండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017 ప్రకారం మానసిక వైద్యం అందించే ఏ సంస్థ అయినా మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర రిజిస్టర్ కావాలి. ఆ సర్టిఫికెట్ చూపించమని అడగండి. సైకియాట్రిస్ట్ ఎవరు, వారంలో ఎన్నిసార్లు వస్తారు, మీరు ఎప్పుడైనా వెళ్లి చూడొచ్చా అని కూడా అడగండి. ‘మూడు నెలలు కలవనివ్వం’ అనే చోట పిల్లలను వదలొద్దు. కొట్టి, గదిలో పెట్టి తాళం వేయడం వైద్యం కాదు. చికిత్స పొందే వ్యక్తి వివరాలు గోప్యంగా ఉంచాలని కూడా ఈ చట్టం చెబుతోంది.

ఇదే చట్టం మానసిక సమస్యలకు కూడా శారీరక జబ్బులతో సమానంగా ఆరోగ్య బీమా ఇవ్వాలని చెబుతోంది. అయితే చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బు ఇస్తాయి. కౌన్సెలింగ్ అంతా ఓపీలోనే జరుగుతుంది కాబట్టి మీ పాలసీలో ఓపీ ఖర్చులు ఉన్నాయో లేదో ముందే చూసుకోండి.

డబ్బు పోతే?

ఇక్కడ మూడు వేర్వేరు పరిస్థితులు ఉన్నాయి. మూడింటినీ కలిపేసి జనం తప్పు తలుపు తడుతుంటారు.

పిల్లలు మీకు తెలియకుండా గేమ్‌లో ఏదైనా కొంటే, అది ప్లే స్టోర్ ద్వారా జరిగి ఉంటే, 48 గంటల్లోపు రీఫండ్ అడగండి. ఆలస్యమైతే గేమ్ కంపెనీనే అడగాల్సి రావచ్చు. ఎక్కువసార్లు లాభం ఉండదు. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోవడం ఇవాళే చేయగల పని.

తక్కువ ధరకు గేమ్ కరెన్సీ ఇస్తామనో, అకౌంట్ అమ్ముతామనో చెప్పి ఎవరైనా మోసం చేస్తే అది సైబర్ నేరం. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఖాతాలో నిలిపివేయించే అవకాశం అంత ఎక్కువ.

మూడోది పందెం పెట్టి ఆడే ఆటలు. రమ్మీ, ఫాంటసీ క్రికెట్ లాంటివి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసి డబ్బు పెట్టి ఆడే గేమ్‌లను దేశవ్యాప్తంగా నిషేధించింది. వాటిని నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా ఉంటుంది. ఆడినవాళ్లకు శిక్ష లేదు. అంటే, అప్పుల్లో కూరుకుపోయినవాళ్లు ‘చెబితే కేసు పెడతారేమో’ అని భయపడి దాచాల్సిన అవసరం ఈ చట్టం కింద లేదు. ఇప్పటికీ వాట్సాప్, టెలిగ్రామ్ లింకుల ద్వారా బయటి దేశాల బెట్టింగ్ యాప్‌లలో ఆడుతున్నవాళ్లు ఉన్నారు. మీ ఇంట్లో ఎవరైనా ఆ అప్పులో ఉన్నారని తెలిస్తే, వడ్డీ లెక్కలు తీసే ముందు వాళ్ల చేత 14416కు ఒక్క ఫోన్ చేయించండి.